చేతి సెట్టుతో అంతరిక్ష కేంద్రం మీదుగా

శ్రీహరికోట నుంచి 2005లో ఎగిరిన మన హామ్‌శాట్ 2014లో మూగబోయింది. దానికి మామూలు ఎఫ్ఎం చేతి సెట్టు చాలేది కాదు లెండి. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో 2020 సెప్టెంబరులో మొదలైన రిపీటరుకు మాత్రం అయిదు వాట్ల సెట్టు చాలు (దాన్ని అప్పుడప్పుడూ ఆపేస్తుంటారు). అమెరికాలో టెక్నీషియన్ లైసెన్సు ఉంటే సరి.

పంపడం 145.990 మెగాహెర్ట్జ్ మీద, 67 హెర్ట్జ్ టోనుతో, వినడం 437.800 మీద. ఒకసారికి ఒక్క గొంతే దాని గుండా పోతుంది. మీ మాట తిరిగి మీకు వినబడకపోతే, ఎవరి మాట తొక్కేస్తున్నారో మీకు తెలియదు. పది నిమిషాల్లో అది దాటిపోతుంది, అవతల వరసలో చాలామంది ఉంటారు.

అందుకే కొనేటప్పుడు వాట్లు కాదు, మాట్లాడుతూనే వినగలదా అని అడగండి. కెన్‌వుడ్ టీహెచ్-డీ72 వినగలిగేది. దాని తయారీ ఆగిపోయింది. రెండు చవక సెట్లు కొనుక్కోవడమే మేలు. అయితే 145.990కి మూడింతలు 437.970, ఆ జాడ పక్క సెట్టుకు చెవుడు తెప్పిస్తుంది, రెంటినీ ఎడంగా పట్టుకు చూడండి.

రబ్బరు ఏంటెన్నా విప్పేసి చేతి యాగీ తగిలించండి. మాట సన్నగిల్లితే మణికట్టు తిప్పండి. కేంద్రం పైకొచ్చేటప్పుడు 437.810 మీద మొదలుపెట్టి, అయిదేసి కిలోహెర్ట్జ్ తగ్గిస్తూ, దిగేసరికి 437.790కి చేరండి. పంపే వైపు మార్చనక్కరలేదు. మొదటి రెండు మూడు సార్లూ మాట్లాడకండి, విని ఊరుకోండి.