సీపీయూ అంటే ఏది? నాన్న చెప్పిందా, పాప చెప్పిందా?



ఇది మనలో చాలామంది ఇళ్లలో జరిగేదే. ఆదివారం సాయంత్రం. నాలుగో తరగతి పాప యూనిట్ టెస్టుకి చదువుకుంటోంది. "నాన్నా, సీపీయూ అంటే ఏది?" అని అడిగింది. నాన్న టేబుల్ కింద ఉన్న పెట్టె చూపించి "అదిగో, అదే" అన్నారు. "కాదు నాన్నా, అది క్యాబినెట్. సీపీయూ అంటే దాని లోపల ఉండే చిన్న చిప్. మా మేడమ్ చెప్పారు" అంది పాప. నాన్నకు చిరాకేసింది. ఇరవై ఏళ్లుగా ఆయనా, ఆయన ఆఫీసులో అందరూ, రిపేరు షాపు అబ్బాయీ ఆ పెట్టెనే సీపీయూ అంటున్నారు. ఇన్నాళ్లూ అందరిదీ తప్పేనా?

కంప్యూటర్ మాటల దగ్గర ఇలాంటి చిన్న చిన్న గొడవలు ఈమధ్య ప్రతి ఇంట్లో కనిపిస్తున్నాయి. మనం నేర్చుకున్న మాట పిల్లలకు తెలియదు, వాళ్లు వాడే మాట మనకు నచ్చదు. ఏ మాట దగ్గర పట్టు విడవాలి, ఏ మాట దగ్గర పట్టుబట్టాలి అనేది ఈ నెల చూద్దాం.

ఇద్దరి మాటా నిజమే

ముందు నాన్నగారి తరఫున ఒక మాట. 1960లలో సీపీయూ నిజంగానే ఒక పెద్ద పెట్టె. అప్పటి పెద్ద కంప్యూటర్లలో లెక్కలు చేసే భాగం ఒక్కటే బీరువా అంత ఉండేది. దాన్నే సెంట్రల్ ప్రాసెసింగ్ యూనిట్ అనేవారు. 1971 నవంబరులో ఇంటెల్ కంపెనీ '4004' అనే చిప్‌ను మార్కెట్లోకి తెచ్చింది. బీరువాలో ఉండాల్సిన ఆ భాగమంతా వేలి గోరంత ముక్కలో ఇమిడిపోయింది. పేరు కూడా ఆ ముక్కకే వెళ్లిపోయింది.

మన దగ్గర షాపుల్లో, ఆఫీసుల్లో మాత్రం మొత్తం పెట్టెనే సీపీయూ అనడం స్థిరపడింది. షాపులో "సీపీయూ తెచ్చాను, ఆన్ కావడం లేదు" అంటే అక్కడివాళ్లు తికమకపడరు. కానీ పరీక్షలో పెట్టె బొమ్మకు సీపీయూ అని పేరు రాస్తే మార్కు పోవచ్చు. కాబట్టి షాపులో నాన్న మాట, పరీక్షలో పాప మాట. పాపకు ఈ తేడా చెబితే ఇద్దరూ గెలిచినట్టే.

'కంప్యూటర్' అంటే ఒకప్పుడు మనిషి

మాటలు మారడం ఈ తరంతో మొదలైంది కాదు. 'కంప్యూటర్' అనేదే ఒకప్పుడు ఉద్యోగం పేరు. రోజంతా కూర్చుని లెక్కలు కట్టే మనిషిని కంప్యూటర్ అనేవారు. మన దేశాన్ని కొలిచిన గ్రేట్ ట్రిగొనొమెట్రికల్ సర్వేలో 1831లో రాధానాథ్ సిక్దర్ అనే బెంగాలీ యువకుడు కంప్యూటర్‌గానే చేరారు. హిమాలయాల్లో 'పీక్ 15' అనే శిఖరం ప్రపంచంలోకెల్లా ఎత్తయినదని 1852లో తేల్చిన లెక్కల్లో ఆయనదే ముఖ్యమైన పాత్ర. ఆ శిఖరాన్నే ఇప్పుడు ఎవరెస్ట్ అంటున్నాం. ఇది పిల్లలకు చెప్పండి, ఆశ్చర్యపోతారు.

మన తెలుగులోనూ అంతే. 'టపా' అంటే పోస్టులో వచ్చే ఉత్తరాలు. తెలుగులో బ్లాగులు మొదలుపెట్టినవాళ్లు ఇంటర్నెట్‌లో పెట్టే రాతకు ఆ పాత పేరే పెట్టుకున్నారు. 'జిరాక్స్' ఒక కంపెనీ పేరు. మనకు మాత్రం ఏ కంపెనీ మెషీన్ మీద తీసినా అది జిరాక్స్ కాపీయే. అప్పుడెవరికీ రాని కోపం ఇప్పుడు కంప్యూటర్ మాటల మీద ఎందుకు వస్తోందంటే, ఇవి ఒక్క తరంలోనే మారిపోతున్నాయి. నేర్చుకున్నవాళ్లు ఉండగానే నేర్చుకున్నది పాతబడుతోంది.

కంపెనీలు మార్చిన పేర్లు

కొన్ని మాటలు జనం వాడుకలో మెల్లగా మారతాయి. కొన్నిటిని కంపెనీలు ఒక్కరోజులో మార్చేస్తాయి. 1995లో విండోస్ 95తో పాటు 'మై కంప్యూటర్' అనే బొమ్మ వచ్చింది. మనలో చాలామంది కంప్యూటర్ నేర్చుకున్నది అక్కడ మౌస్‌తో రెండుసార్లు నొక్కడంతోనే. విండోస్ విస్టాలో అది ఉత్త 'కంప్యూటర్' అయింది. 2013లో వచ్చిన విండోస్ 8.1లో 'దిస్ పీసీ' అయింది. లోపల ఉన్నది దాదాపు అదే. మీరు "మై కంప్యూటర్ ఓపెన్ చెయ్" అంటే పిల్లవాడు స్క్రీన్ అంతా వెతికి "అలాంటిది లేదమ్మా" అంటాడు. అందులో మీ తప్పూ లేదు, వాడి తప్పూ లేదు. ఇక్కడ చిరాకు పడే హక్కు మీకుంది. పడండి, కానీ పిల్లల మీద కాదు.

ఇలాంటి పేర్లను గుర్తుపెట్టుకోవడం కన్నా అది చేసే పనిని గుర్తుపెట్టుకోవడం సులువు. "కంప్యూటర్‌లో ఉన్న డ్రైవ్‌లన్నీ చూపించే చోటు ఎక్కడుంది?" అని అడిగితే పేరు ఎన్నిసార్లు మారినా దారి దొరుకుతుంది.

64 జీబీ కొంటే 59 ఏ చూపిస్తోందేం?

పెన్‌డ్రైవ్ కొన్న తల్లిదండ్రులకు ఇది తెలిసిన బాధే. ప్యాకెట్ మీద 64 జీబీ అని ఉంటుంది. కంప్యూటర్‌లో పెడితే 59 చిల్లర చూపిస్తుంది. షాపువాడు మోసం చేశాడనిపిస్తుంది. చాలాసార్లు ఇది మోసం కాదు, ఒకే మాటకు రెండు కొలతలు.

తయారీ కంపెనీలు కిలో అంటే 1000 అని లెక్కేస్తాయి. విండోస్ 1024 అని లెక్కేస్తుంది. కేబీ నుంచి ఎంబీకి, ఎంబీ నుంచి జీబీకి వెళ్లేకొద్దీ తేడా పెరుగుతుంది. అందుకే 64 కాస్తా 59.6 అవుతుంది. ఒక టీబీ హార్డ్ డిస్క్ 931 జీబీగా కనిపిస్తుంది. ఈ గందరగోళం తీర్చడానికి 1998లో ఒక అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ 1024 లెక్కకు కిబిబైట్, మెబిబైట్, గిబిబైట్ అని వేరే పేర్లు పెట్టింది. ఇన్నేళ్లయినా బజారులో ఆ పేర్లతో అడిగేవాళ్లు కనబడరు. ఎంత పెద్ద సంస్థ చెప్పినా జనం నోటికి రాని మాట నిలవదనడానికి ఇదొక రుజువు. స్కూలు పరీక్షల్లో మాత్రం మీ పిల్లల పుస్తకంలో ఉన్నట్టు 1024 అనే రాయమనండి.

హ్యాకథాన్ అనగానే కంగారు వద్దు

"పిల్లలకు హ్యాకింగ్ నేర్పుతున్నారా?" హ్యాకథాన్ సర్క్యులర్ వచ్చినప్పుడు ఇలా అనుకునే తల్లిదండ్రులు ఉంటారు. న్యాయమైన సందేహమే. రోజూ పేపర్లో ఈ మాట దొంగతనం వార్తల్లోనే కనిపిస్తుంది మరి.

అయితే ఈ మాట పుట్టుక వేరు. 1950ల చివర్లో అమెరికాలోని ఎంఐటీలో బొమ్మ రైళ్లతో ప్రయోగాలు చేసే విద్యార్థుల క్లబ్ ఒకటి ఉండేది. తెలివైన చిట్కాతో పని సాధించేవాణ్ని వాళ్లు హ్యాకర్ అనేవారు. అది మెచ్చుకోలు మాట. 1983లో కొందరు కుర్రాళ్లు పెద్ద సంస్థల కంప్యూటర్లలోకి చొరబడిన వార్తలు వచ్చాక ఆ పేరు చొరబాటుదారులకు అంటుకుంది. పాత హ్యాకర్లకు బాగా కోపం వచ్చింది. చొరబడేవాళ్లను 'క్రాకర్' అనండి అని ప్రచారం చేశారు. ఎవరూ వినలేదు. మన దగ్గరైతే క్రాకర్ అనగానే దీపావళి టపాసు గుర్తొస్తుంది!

ఇప్పుడు 'హ్యాకథాన్' రూపంలో ఆ మాటకు పాత గౌరవం కొంత తిరిగొచ్చింది. కేంద్ర ప్రభుత్వమే 2017 నుంచి స్మార్ట్ ఇండియా హ్యాకథాన్ నిర్వహిస్తోంది. ఒక సమస్య ఇచ్చి, నిర్ణీత సమయంలో జట్టుగా పరిష్కారం తయారు చేయమంటారు. అంతే.

అదే మాటను పిల్లలు ఇంకోలా కూడా వాడతారు. "నా గేమ్ అకౌంట్ హ్యాక్ అయింది" అంటారు. చాలాసార్లు జరిగింది చొరబాటు కాదు, స్నేహితుడికి పాస్‌వర్డ్ చెప్పడం. కోప్పడకుండా "ఎవరికైనా పాస్‌వర్డ్ గానీ ఓటీపీ గానీ చెప్పావా?" అని అడగండి. డబ్బు పోయి ఉంటే వెంటనే 1930 నంబరుకు ఫోన్ చేయండి. ఆన్‌లైన్ మోసాలపై ఫిర్యాదు కోసం పెట్టిన జాతీయ హెల్ప్‌లైన్ అది.

ఇక్కడ మాత్రం పాత మాట పోనివ్వకండి

ఇప్పటిదాకా మిమ్మల్ని సర్దుకుపొమ్మన్నాం. ఇప్పుడు పిల్లలు సర్దుకోవాల్సిన చోటు చూద్దాం.

ఫోన్‌తో పెరిగిన పిల్లలకు 'ఫైల్', 'ఫోల్డర్', 'సేవ్' అనేవి కొత్త మాటలు. ఫోన్‌లో ఫోటో దానంతటదే గ్యాలరీలో చేరుతుంది. ఇంటర్నెట్‌లో రాసే డాక్యుమెంట్ దానంతటదే సేవ్ అవుతుంది. కావాల్సింది సెర్చ్‌లో టైప్ చేస్తే వచ్చేస్తుంది. ఆ పిల్లలే ల్యాబ్‌లో గంటసేపు ప్రాజెక్ట్ టైప్ చేసి, సేవ్ చేయకుండా లేచిపోతారు. లేదా సేవ్ చేస్తారు, ఎక్కడ చేశారో తెలియదు. అది పరీక్ష రోజు అయితే ఆ కన్నీళ్లు ఆపడం కష్టం.

ఇది మీరు నేర్పగలిగిన పాఠం. మండలాఫీసు బీరువా గుర్తుందా? బీరువాలో అరలు, అరలో అట్ట ఫైళ్లు, ఫైలులో కాగితాలు. కంప్యూటర్‌లోని డెస్క్‌టాప్, ఫోల్డర్, ఫైల్ అన్నీ ఇలాంటి ఆఫీసును చూసి పెట్టిన పేర్లే. ఆ ఆఫీసును చూసినవాళ్లు మీరు, చూడనివాళ్లు వాళ్లు. సేవ్ బటన్ మీద కనిపించే చదరపు బొమ్మ ఫ్లాపీ డిస్క్ అనీ, దాంట్లో 1.44 ఎంబీ మాత్రమే పట్టేదనీ చెప్పండి. మీ ఫోన్‌లోని ఒక్క ఫోటో కూడా దాంట్లో పట్టకపోవచ్చు.

'క్లౌడ్‌లో ఉందిలే' అనే ముందు

అన్నిటికన్నా జాగ్రత్తగా ఉండాల్సిన మాటలు రెండు: క్లౌడ్, డిలీట్. క్లౌడ్ అంటే మేఘం కాదు, ఎక్కడో ఒక కంపెనీ భవనంలో ఉన్న కంప్యూటర్లు. "ఫోన్ నిండిపోయింది, ఫోటోలు క్లౌడ్‌లో ఉన్నాయిగా" అనుకుని గ్యాలరీలో డిలీట్ నొక్కేవాళ్లు చాలామంది. గూగుల్ ఫోటోస్‌లో బ్యాకప్ అయిన ఫోటోను మామూలుగా డిలీట్ చేస్తే ఫోన్‌లోనూ పోతుంది, క్లౌడ్‌లోనూ పోతుంది. 60 రోజులు ట్రాష్‌లో ఉంటుంది, ఆ తర్వాత దొరకదు. పాప అన్నప్రాశన ఫోటోలు ఇలా పోగొట్టుకోకండి. ఫోన్‌లో ఖాళీ మాత్రమే కావాలంటే 'ఫ్రీ అప్ స్పేస్' అనే వేరే ఆప్షన్ ఉంది.

పిల్లల విషయంలో దీనికి తిరగబడిన ప్రమాదం ఉంది. "గ్రూపులో పెట్టి వెంటనే డిలీట్ చేశాను" అంటారు. ఆ లోపు ఎవరైనా స్క్రీన్‌షాట్ తీసి ఉంటే అది పోయినట్టు కాదు. మనం ఉంచాలనుకున్నది పోవచ్చు, పోవాలనుకున్నది ఉండిపోవచ్చు. ఆ ఒక్క మాటకు ఇన్ని అర్థాలున్నాయని పిల్లలకు పదేళ్ల లోపే తెలియాలి.

అసలు నష్టం ఎక్కడ?

"నీకేం తెలియదమ్మా" అని పిల్లలు నవ్వితే మనకు చిన్నతనంగా ఉంటుంది. రెండుసార్లు అలా జరిగాక అడగడం మానేస్తాం. మనం అడగడం మానేస్తే వాళ్లు చెప్పడం మానేస్తారు. ఆటలో పరిచయమైన ఎవరో ఫోటో అడిగినప్పుడు, ఎవరో బెదిరించినప్పుడు "అమ్మకి ఇవేవీ అర్థం కావులే" అని ఊరుకుంటారు. మాట దగ్గర మొదలైన దూరం అక్కడిదాకా వెళుతుంది. అందుకే ఈ చిన్న గొడవలను చిన్నవిగా తీసుకోవద్దంటున్నాం.

ఈ నెల ఇంట్లో ఇలా చేసి చూడండి

• వారానికి ఒక మాట: భోజనాల దగ్గర పిల్లలు తమ మాట ఒకటి చెప్పాలి, మీరు మీ కాలం మాట ఒకటి చెప్పాలి. తాతయ్య, అమ్మమ్మలను కూడా కలుపుకోండి. ట్రంక్ కాల్ అంటే ఏమిటో వాళ్లే బాగా చెప్పగలరు.

• "అది తప్పు" అనే బదులు "అది ఏం పని చేస్తుంది?" అని అడగండి. ఇద్దరికీ ఒకే నియమం.

• ఒక ఫోల్డర్ పిల్లల చేత చేయించండి. దాని మీద పేరు, తరగతి, సబ్జెక్టు రాయించండి. అందులో ఒక ఫైల్ సేవ్ చేసి, మర్నాడు సెర్చ్ వాడకుండా వెతికి తెమ్మనండి.

• డిలీట్ నొక్కే ముందు "ఇది ఎక్కడెక్కడ పోతుంది, ఎక్కడ మిగులుతుంది?" అని ఒకరినొకరు అడగడం అలవాటు చేసుకోండి.

ఇక ఆ నాలుగో తరగతి పాప ఇల్లు. ఈ ఆదివారం ఆ పెట్టె ప్లగ్ తీసి, పక్క మూత విప్పి, ఫ్యాన్ కింద దాక్కున్న ఆ చిప్ ఎక్కడుంటుందో నాన్నా పాపా కలిసి చూస్తే బాగుంటుంది. చేత్తో మాత్రం దేన్నీ ముట్టుకోవద్దు. చూసి మూత పెట్టేశాక దాన్ని ఏ పేరుతో పిలిచినా ఫర్వాలేదు.