కండ గట్టిదే, మరి గుండె?

విశాఖ ఉక్కు కర్మాగారంలో బ్లాస్ట్ ఫర్నేసుల పేర్లు గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ. పేర్లు చల్లగా ఉన్నా, అక్కడ పారే ఇనుము వేడి 1,500 డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది. అంత సెగకు ఏళ్లపాటు ఓర్చుకున్న మనిషికి గుండె జబ్బేమిటని అనుకుంటాం. ఆ నమ్మకమే ప్రాణం మీదికి తెస్తుంది.

అపోహ: రోజంతా బరువులు మోసేవాడికి వేరే వ్యాయామం అక్కర్లేదు.

వాస్తవం: పొద్దున్నే నడిస్తే గుండె కాసేపు వేగంగా కొట్టుకుని, తర్వాత తేరుకుంటుంది. డ్యూటీలో ఆ తెరిపి దొరకదు. గంటల తరబడి బరువులెత్తితే రక్తపోటు కూడా అంతసేపూ పైనే ఉంటుంది. కోపెన్‌హాగెన్‌లో లక్షమందికి పైగా పరిశీలించిన అధ్యయనం 2021లో వెలువడింది. తీరికవేళ వ్యాయామం చేసేవారికి గుండెపోటు ముప్పు తగ్గితే, పనిలో ఒళ్లు హూనం చేసుకునేవారికి పెరిగిందని అందులో తేలింది.

అపోహ: పొగ, దుమ్ము పాడుచేసేది ఊపిరితిత్తులనే.

వాస్తవం: సన్నని ధూళి రక్తనాళాల్లో పూడికనూ పెంచుతుంది. బ్లాస్ట్ ఫర్నేస్ గ్యాస్‌లో ఐదో వంతుకు తగ్గకుండా కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. దానికి రంగూ వాసనా ఉండవు. ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా హిమోగ్లోబిన్‌ను పట్టుకుంటుంది. నాళాలు అప్పటికే పూడినవారికి కాస్త లీకైనా ప్రమాదమే. విరామంలో కాల్చే బీడీ పొగలో ఉండేదీ ఆ గ్యాసే.

అపోహ: డబుల్ డ్యూటీ చేస్తే ఒళ్లునొప్పులే, నిద్రపోతే పోతాయి.

వాస్తవం: వారానికి 55 గంటలు, అంతకు మించి పనిచేస్తే గుండె జబ్బుతో చనిపోయే ముప్పు 17 శాతం, పక్షవాతం ముప్పు 35 శాతం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ 2021లో లెక్కగట్టాయి. నైట్ షిఫ్టులు, యంత్రాల హోరు రక్తపోటును ఇంకా ఎగదోస్తాయి.

అపోహ: ఛాతీ పట్టేసిందా? గ్యాసే, సోడా తాగితే పోతుంది.

వాస్తవం: నైట్ డ్యూటీలో ఒకాయన ఛాతీ రుద్దుకుంటూ కూర్చుంటాడు. చల్లని చెమట, ఎడమ చేయి లాగుతోంది. పక్కవాడు సోడా తెచ్చిస్తాడు. గుండె కండరం చచ్చిపోయేది ఆ గంటలోనే. సోడా కోసం కాదు, 108కి ఫోన్ చేయడానికి పరుగెత్తాలి.

అపోహ: ఈసీజీ బాగుందంటే భయం లేదు.

వాస్తవం: పూడిక ఉన్నా, విశ్రాంతిలో తీసిన ఈసీజీ మామూలుగానే రావచ్చు. ఏటా బీపీ, షుగర్, కొలెస్ట్రాల్ చూపించుకోవాలి. మెట్లెక్కితే ఆయాసం వస్తోందని డాక్టరుకు దాచకుండా చెప్పాలి. అలా చెప్పినవాడి ఉద్యోగానికి ఎసరు రాకుండా చూడాల్సింది యాజమాన్యం.