పక్కవాద్యం



కచేరీకి వెళ్ళొచ్చినవాళ్ళని "ఎలా వుంది?" అని అడగండి. పాడినవారి గురించే చెబుతారు. ఫిడేలు ఎవరు, మృదంగం ఎవరు అంటే మటుకు కాస్త ఆలోచిస్తారు. నేనూ అంతే, ఒక సాయంత్రం దాకా.

ఎనభైల్లో మాట. విద్యానగర్‌లో కాపురం. 1966లో ఏర్పడిన చిక్కడపల్లి త్యాగరాయ గానసభ మా పేటల వాళ్ళకి దగ్గర. ఆ రోజు పొద్దున్న మా యింటికొకాయన వచ్చారు. నేను రెండో అట్టు వడ్డిస్తూ వుండగానే మావారు ఆయనతో, "మా ఆవిడకి పనేముందండీ, ఇంట్లో ఊరికే వుంటుంది" అన్నారు. కోపంతో అన్న మాటైనా బాగుండును. మామూలుగా అన్నారు. సాయంత్రం అత్తయ్యగారు కచేరీకి రమ్మంటే, మనసు బాగాలేకపోయినా రిక్షా ఎక్కాను.

ఆలస్యంగా వెళ్ళడం వల్ల హాల్లో కుడివైపు చివర చోటు దొరికింది. గాయకుడి ఎడమచేతి పక్క ఫిడేలు కూర్చుంటుంది గదా, అది సరిగ్గా నా ఎదుట పడింది. గాయకులు పెద్దవారు. ఫిడేలు వాయిస్తున్నదేమో పాతికేళ్ళ అమ్మాయి.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. మన కచేరీల్లో సాధారణంగా ముందుగా కలిసి సాధన చెయ్యరు. ఆయన ఏ రాగం ఎత్తుకుంటారో ఆ అమ్మాయికి తెలియదు. ఒకటి రెండు సంగతులు వినీ వినగానే పోల్చుకోవాలి. ఆలాపనలో ఆయన వెనకే నీడలా నడవాలి, ఆయన ఆగగానే తన వంతు వాయించాలి, అదీ ఆయన కంటె పొడుగు కాకుండా. అంటే ఆయనకి తెలిసిందంతా ఈమెకీ తెలిసి వుండాలి, పైగా ముందు చూపు వుండాలి. వేళకాని వేళ నలుగురు చుట్టాలు దిగితే మనం చేసే పని యిదే కదూ!

తోడి ఆలాపన మంచి పాకంలో వుంది. పై షడ్జం దగ్గర ఆయనకి దగ్గు తెర వచ్చి గొంతు ఆగిపోయింది. ఆ అమ్మాయి ఆ షడ్జాన్నే పట్టుకుని, అక్కడినుంచే రాగం సాగించింది. ఆయన ఫ్లాస్కులో వేణ్ణీళ్ళు వంపుకుని, రెండు గుక్కలు తాగి, గొంతు సవరించుకునే దాకా వాయిస్తూనే వుంది. చాలామంది అది ఆమె వంతే అనుకున్నారు. ఆయన మళ్ళీ నోరు విప్పగానే తన సంగతి సగంలో ఆపేసి వెనక్కి తగ్గింది. అందుకోవడం కంటె ఆ తిరిగి ఇచ్చెయ్యడమే నాకు గొప్పగా తోచింది.

తర్వాత తని ఆవర్తనం. మృదంగం ఎడమ మొహానికి తడిపిన బొంబాయి రవ్వ అద్దుతారని తెలుసా? ఉప్మా రవ్వే! గంభీరమైన నాదం దానివల్లనే. తని మొదలవగానే సగంమంది కాఫీకి లేస్తారు, నేనూ ఎప్పుడూ లేచేదాన్నే. ఆ రోజు లేవలేదు. అప్పటిదాకా పాడిన పెద్దాయన కళ్ళు మూసుకుని, మృదంగం ఆయనకి తాళం వేస్తూ కూర్చున్నారు. ఆ కాసేపూ ఆయనే పక్కవాద్యం.

ఈ ఫిడేలు అసలు మనది కాదు. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు (1786-1858) మద్రాసులో ఒక యూరోపియన్ దగ్గర నేర్చుకుని మన సంగీతానికి అలవాటు చేశారు. చాలాకాలం అది గాత్రం వెనకే వుండిపోయింది. విజయనగరం సంగీత కళాశాలలో ఆచార్యులైన ద్వారం వెంకటస్వామినాయుడుగారు, చూపు మందమైనా, 1938లో వేలూరులో ఫిడేలునే ప్రధానం చేసి కచేరీ యిచ్చారు. మన ఆడవాళ్ళలో చూస్తే, మగవాళ్ళదే అనుకునే మృదంగం పట్టిన దండమూడి సుమతీ రామమోహనరావుగారికి 2021లో పద్మశ్రీ వచ్చింది. అలాగని అందరూ ముందు సీట్లోకి రావాలని నేననడం లేదు. వెనక కూర్చోవడం తప్పు కాదు. తన వంతు తనకి రావాలి గదా, ఆ వంతులో ఎదుటివారు తాళం వెయ్యాలి గదా.

తిరిగి వచ్చేటప్పుడు రిక్షాలో ఈ మాటే అత్తయ్యగారితో అన్నాను. పొద్దుటి మాట ఎత్తలేదు. ఆవిడే ఎత్తారు. కాసేపు మాట్లాడకుండా కూర్చుని, "వాడికి తాళం వెయ్యడం నేను నేర్పలేదే అమ్మాయ్, అది నా లోపం" అన్నారు.

ఆ ఆదివారం సాయంత్రం నన్నొక్కదాన్నీ కచేరీకి పంపి, కొడుకు చేత కుక్కరు పెట్టించారు. నీళ్ళు తక్కువై అన్నం పలుకుగా దిగింది. తిరిగొచ్చి నేను వంచిన తల ఎత్తకుండా తిన్నాను. అత్తయ్యగారు మజ్జిగ పోసుకుని, బాగానే వుందిరా అన్నారు.