మూర్ఛ ప్రయోగాల్లో మత్తు, ఉత్తేజం

నాడీకణాలను రెచ్చగొట్టే మందులు మోతాదు మించితే మూర్ఛ తెప్పిస్తాయి. మత్తునిచ్చే మందుల్లో చాలావాటికి దాన్ని ఆపే గుణం ఉంది. కాబట్టి ఇవి ఒకదానికొకటి విరుగుడని అనుకోవడం సహజం. జంతువులపై జరిగిన ప్రయోగాల్లో ఈ లెక్క అన్నిసార్లూ కుదరలేదు.

మెదడులో నాడీకణాల దూకుడును అదుపు చేసే ముఖ్య రసాయనం గాబా. అది తన గ్రాహకాన్ని తాకగానే అందులోని దారి తెరుచుకుని, క్లోరైడ్ అయాన్లు కణంలోకి చేరి ఉద్రేకాన్ని తగ్గిస్తాయి. చేపలు పట్టడానికి నీళ్లలో కలిపే కాకమారి గింజల్లోని పిక్రోటాక్సిన్ ఆ దారినే మూసేస్తుంది. ప్రయోగశాలల్లో ఎక్కువగా వాడే పెంటిలీన్‌టెట్రజోల్ చేసేదీ అదే. మత్తునిచ్చే డయజెపామ్ వల్ల ఆ దారి మరింత తరచుగా తెరుచుకుంటుంది. ఫినోబార్బిటాల్ వల్ల తెరిచి ఉండే సమయం పెరుగుతుంది. అందుకే ముందుగా డయజెపామ్ ఇచ్చిన ఎలుకకు మూర్ఛ రావాలంటే పెంటిలీన్‌టెట్రజోల్ ఎక్కువ మోతాదులో ఇవ్వాలి. విషముష్టి గింజల్లోని స్ట్రిక్నిన్ మాత్రం వేరే చోట పనిచేస్తుంది. అది ప్రధానంగా వెన్నుపాములోని గ్లైసిన్ గ్రాహకాలను అడ్డుకుంటుంది.

మత్తు వేరు, మూర్ఛను ఆపే శక్తి వేరు అని గట్టిగా తేలింది 1930ల చివర్లో. బోస్టన్‌లో మెరిట్, పుట్నమ్ అనే వైద్యులు పిల్లులకు విద్యుత్ షాక్ ఇచ్చి మందులను పరీక్షిస్తూ, పెద్దగా మత్తు కలిగించకుండానే ఫినిటోయిన్ మూర్ఛను ఆపుతుందని చూశారు. విచిత్రమేమిటంటే, షాక్ వల్ల వచ్చే మూర్ఛను ఆపే ఈ మందు పెంటిలీన్‌టెట్రజోల్ ముందు తేలిపోతుంది. మరో మూర్ఛ మందు ఎథోసక్సిమైడ్‌ది సరిగ్గా దీనికి ఎదురు కథ. ఒక్క పరీక్షను నమ్ముకుని మందు మంచిచెడ్డలు తేల్చడం ఎంత పొరపాటో ఈ జంటే చెబుతుంది.

కాఫీలోని కెఫీన్ సంగతి ఇంకా చిక్కు. మెదడును సహజంగా శాంతపరిచే అడెనోసిన్‌ను అది అడ్డుకుంటుంది. తనంతట తాను మూర్ఛ తెప్పించలేని మోతాదులో కూడా, విద్యుత్ షాక్ పరీక్షల్లో ఫినోబార్బిటాల్, ఫినిటోయిన్ ఇచ్చే రక్షణను తగ్గించింది. రోజూ కెఫీన్ ఇస్తూ పోతే మాత్రం కొన్ని పరీక్షల్లో మూర్ఛ ముప్పు తగ్గిన దాఖలాలూ ఉన్నాయి. మత్తుమందులకూ ఇలాంటి తిరకాసే ఉంది: చాలాకాలం ఇచ్చి ఒక్కసారిగా మానేస్తే, అణిచిపెట్టిన ఉద్రేకం పైకి లేచి మూర్ఛగా మారవచ్చు.

ఒకప్పుడు ఫినోబార్బిటాల్ లాంటి బార్బిట్యురేట్‌ల విషప్రభావానికి పిక్రోటాక్సిన్‌ను విరుగుడుగా మనుషులకే ఇచ్చారు. రోగిని మేల్కొలిపే మోతాదుకూ మూర్ఛ తెప్పించే మోతాదుకూ మధ్య దూరం చాలా తక్కువ. అందుకే ఆ పద్ధతిని వదిలేశారు. ఇప్పుడు శ్వాసకూ రక్తప్రసరణకూ ఆసరా ఇవ్వడమే ప్రధాన చికిత్స.