కంటైనర్ సమూహాల నుండి లాగుల తరలింపు: ఆవశ్యకత, విధానం

ఉపోద్ఘాతం: అనువర్తనం చేసిన పనులను కాలక్రమంలో నమోదు చేసేది లాగు. కుబర్నెటీస్ సమూహంలో కంటైనర్ లాగు అది నడిచే నోడ్‌లోనే ఫైలుగా నిలుస్తుంది. కుబ్‌లెట్ సహజ అమరికలో ఒక్కో ఫైలు పరిమితి 10 మెబిబైట్లు. కంటైనర్‌కు ఫైళ్లు 5. పరిమితి దాటితే పాతవి తొలగిపోతాయి. పాడ్‌ను నోడ్ నుండి తొలగిస్తే దాని లాగులూ పోతాయి. కాగా, 2022 ఏప్రిల్ 28 నాటి సెర్ట్-ఇన్ ఆదేశాలు ప్రభుత్వ సంస్థలు సహా సేవాసంస్థలన్నీ లాగులను 180 రోజులు భద్రపరచాలని నిర్దేశించాయి. ఈ అంతరాన్ని పూరించేదే లాగుల తరలింపు.

విధానం: ఫ్లూయెంట్ బిట్‌ను డీమన్‌సెట్‌గా నెలకొల్పితే ప్రతి నోడ్‌లో ఒక సేకరణి నడుస్తుంది. అది
1. నోడ్‌లోని లాగు ఫైళ్లను చదువుతుంది;
2. ప్రతి నమోదుకు నేమ్‌స్పేస్, పాడ్, కంటైనర్ పేర్లను జతచేస్తుంది;
3. కేంద్ర నిల్వకు పంపుతుంది.

ఈ పేర్లకు మించి అదనపు వివరాలు జతచేయాలంటే పాడ్‌ల వివరాలను చదివే అనుమతి అవసరం. ఎంతవరకు చదివిందో తెలిపే స్థానసూచికను నోడ్ డిస్కుపై ఉంచాలి. లేనిచో పునఃప్రారంభంలో నమోదులు పునరావృతం కావచ్చు, లేదా లోపించవచ్చు.

అంతరాయాలు: త్రిపురాంతకం వంటి మండల కేంద్రంలోని సర్వర్ల నుండి హైదరాబాదుకు లాగులు పంపుతున్నారనుకుంటే, నెట్‌వర్కు తెగే అవకాశాన్ని ముందే లెక్కించాలి. ఫ్లూయెంట్ బిట్ సహజంగా పంపవలసిన నమోదులను మెమరీలో ఉంచుతుంది. పునఃప్రయత్నాల పరిమితి 1 మాత్రమే. కనుక డిస్కు నిల్వను ఎంచుకొని, ఆ పరిమితిని పెంచాలి. డిస్కుకూ హద్దు ఉన్నందున, ఎంతసేపటి అంతరాయాన్ని తట్టుకోవాలో నిర్ణయించి దాని పరిమాణాన్ని లెక్కకట్టాలి.

ముగింపు: లాగుల్లో సంకేతపదాలు, ఆధార్ సంఖ్యలు చేరే ప్రమాదం ఉంది. వాటిని నోడ్‌లోనే వడపోసి పంపడం ఉత్తమం. కేంద్ర నిల్వకు చేరాక తొలగించడం కష్టతరం.