కంచరపాలెము మొదలు కాకి ముట్టని పిండము దాక

కోట్ల రూపాయల వ్యయముతో, వందలకొలది నర్తకులతో, ఆకాశమున కెగిరి శత్రువుల నేలగూల్చు నాయకులతో మన తెలుగు చలనచిత్రము దేశదేశములందు కీర్తి గడించుచున్న యీ దినములలోనే, ఆ కోలాహలమునకు దూరముగా, ఒక పేటను గాని ఒక పల్లెను గాని ఆధారముగ గొని, అచటి జనుల పలుకుబడిలోనే కథ చెప్పు చిన్న చిత్రములు కొన్ని వెలువడుచున్నవి. ప్రసిద్ధ తారల పేరును, భారీ పెట్టుబడిని ఆశ్రయింపక తీయబడుట వీని మొదటి లక్షణము. అయినను అల్పవ్యయమే ఒక గుణమని నేను భావింపను. తక్కువ సొమ్ముతో తీసిన చెడ్డ చిత్రము చెడ్డ చిత్రమే. చూపబడిన బ్రతుకు నుండియే, ఆ పని నుండియే, ఆ ఆచారము నుండియే నాటకీయత పుట్టినదా, లేక వెలుపలి నుండి తెచ్చి అతికింపబడినదా యని మాత్రమే నేను చూతును.

2018వ సంవత్సరమున వెంకటేష్ మహా దర్శకత్వమున వచ్చిన 'కేరాఫ్ కంచరపాలెం' ఈ పరీక్షకు చక్కగ నిలిచినది. కంచరపాలెము విశాఖపట్టణములోని యొక పేట. కెమెరా యెదుట ఎన్నడును నిలువని ఆ పేట నివాసులే యిందు పెక్కుమంది పాత్రధారులైరి. అమెరికాలో హృద్రోగ వైద్యురాలుగ నున్న పరుచూరి ప్రవీణ సొమ్ము పెట్టుటయే గాక, సలీమా యను వేశ్య పాత్రను తానే ధరించెను. బడిలో తోటి బాలికపై మనసుపడిన సుందరము, భార్గవిని ప్రేమించిన జోసెఫు, వైన్ షాపులో పనిచేయుచు బురఖా నడుమ కానవచ్చు కన్నులను మాత్రమే చూచి సలీమాను వలచిన 'గడ్డము' అనువాడు, 49 ఏండ్లు నిండినను పెండ్లికాని అటెండరు రాజు, అతని కార్యాలయమునకు అధికారిణిగా వచ్చిన ఒడిశా వితంతువు రాధ: వీరివి నాలుగు వయస్సుల నాలుగు ప్రేమకథలు. ఈ నాలుగును చివర నెట్లు కలియునో, చూడనివారి ఆనందము చెడునని, ఇచట విప్పను.

వీరి ప్రేమల కడ్డుపడునది ఏ ప్రతినాయకుడును కాడు. ఒకచోట మతము, ఒకచోట పరువు, ఒకచోట వయస్సు. అంతకుమించి, ఇరుగుపొరుగు నోళ్లు. ఈడు మీరినను పెండ్లాడలేదన్న కారణమున రాజు మగతనమునే శంకించి పేటవారు చెవులు కొరుకుకొనుటయు, ఆ గుసగుస పంచాయతీ దాక పోవుటయు మన వీథులలో ఎరుగనిదెవరు? ఆ పాత్రధారి సుబ్బారావు ఎచ్చటను కంట నీరు పెట్టి మనను వేడుకొనడు. అవమానమును మ్రింగి నవ్వెడి ఆ నవ్వులో నాకు కనిపించినంత నటన, పేరెన్నికగన్న అనేకుల సుదీర్ఘ సంభాషణలలో కనిపింపలేదు.

మరుసటి యేడు వచ్చిన 'మల్లేశం' శ్రమను గూర్చిన చిత్రము. పోచంపల్లి చీర నేయుటకు పూర్వము, నూలును అర్ధచంద్రాకారముగ నమర్చిన మేకుల చుట్టును చేతితో త్రిప్పుటను ఆసుపోయుట యందురు. ఒక్కొక్క చీరకు వేలసార్లు చేయి ఎత్తి దించవలెను. ఆ పని ఆడువారిదే. తల్లి లక్ష్మి భుజములు, మోచేతులు పడు నొప్పి చూడలేక, ఆరవ తరగతితో చదువు నిలిచిన చింతకింది మల్లేశము ఏండ్ల తరబడి శ్రమించి 1999లో ఆసుయంత్రమును సిద్ధపరచి, దానికి తల్లి పేరే పెట్టెను. 2017లో పద్మశ్రీ పొందెను. రాజ్ రాచకొండ దర్శకత్వమున ప్రియదర్శి ఆ పాత్రను నిగ్రహముతో పోషించెను. అయినను, ఆ యంత్రము కొయ్య నుండి యినుమునకు, పొరపాటు నుండి సవరణకు ఎట్లు పెరిగినదో యింకను విపులముగ చూపియుండిన బాగుండెడిదని నా యభిప్రాయము. ఈ కథలో రక్తి కట్టు ఘట్టము అదియే గదా!

ఆటోలో దొరికిన కెమెరాతో పల్లెటూరివారు సినిమా తీయబూనిన 'సినిమా బండి' (2021) తేలికగ హాయిగ సాగును. తిరుపతిలో జరిగిన '35 చిన్న కథ కాదు' (2024) అను చిత్రమున, పదవ తరగతి తప్పిన తల్లి తన కొడుకుకు లెక్కలు నేర్పుటకై తాను మొదట నేర్చుకొనును. గణితములో ముప్పదియైదు మార్కులు వచ్చునా రావా యనుదానితో ప్రేక్షకుని కుర్చీ అంచున కూర్చుండబెట్టుట సామాన్య విషయము కాదు.

ఇక 'బలగం' (2023). ఇది పెద్ద నిర్మాతయగు దిల్ రాజు సంస్థ నుండి వచ్చినది గనుక స్వతంత్ర చిత్రమని పిలువదగునా యని కొందరు శంకింపవచ్చును. స్వభావమున మాత్రము ఈ కోవలోనిదే. హాస్యనటుడుగ పేరొందిన వేణు యెల్దండి దర్శకుడు. కొమురయ్య యను ముదుసలి మరణించును. అప్పులలో మునిగి కట్నముపై ఆశపెట్టుకొనిన మనుమడు సాయిలుకు తాత పోవుటకంటె తన పెండ్లి చెడుటయే దుఃఖము. మూడవనాడు పిట్టకు, అనగా కాకికి, పిండము పెట్టినచో పిట్ట ముట్టదు, ఐదవనాడును ముట్టదు. ఏండ్ల క్రిందట విందులో నల్లిబొక్క (మూలుగ ఎముక) కొరకు బావ, బావమరదులకు వచ్చిన తగవు నాటినుండి ఆడబిడ్డను పుట్టింటికి దూరము చేసినదని క్రమముగ తెలియవచ్చును. హత్య లేదు, దొంగతనము లేదు. పదునొకండు దినముల కర్మకాండయే కథకు గడువు, కాకియే న్యాయనిర్ణేత. మన ఆచారములోనే యింత బిగువైన కథాసంవిధానము దాగియుండగా ఇంతకాలము దానిని మనమేల చూడకపోతిమి?

చివర బుడగజంగాల కళాకారులు మొగిలయ్య, కొమురమ్మ దంపతులు పాడుచు చచ్చినవాని బ్రతుకును బంధువులకు వినిపించు ఘట్టమున కరగని గుండె యుండదు. దానికి ముందు కొన్ని సన్నివేశములలో నేపథ్యసంగీతము, ఇచట ఏడువుడని మనకు ముందే చెప్పుచున్నట్లుండుట నాకు రుచింపలేదు. 1988లో బి. నర్సింగరావు తీసిన 'దాసి'ని చూచినవారికి ఈ లోపము స్పష్టముగ తెలియును: దొరల కోటయగు గడీలో దాస్యము చేయు కమలాక్షి బాధను అర్చన మాటలతో గాక మౌనముతో చెప్పి, జాతీయ ఉత్తమనటి పురస్కారము గొనెను. నేటి దర్శకులు ప్రేక్షకుని హృదయముపై మరికొంత విశ్వాసముంచిన ఎంత బాగుండును!

ఆ విశ్వాసమునకు ఆధారము లేకపోలేదు. 'బలగం' వచ్చిన పిదప తెలంగాణ పల్లెలలో జనులు నడివీథులలో తెరలు కట్టించుకొని, రాత్రివేళ నేలపై కూర్చుండి, ఊరంతయు కలిసి చూచిరి. పోరాటములు, ఆటపాటలు లేనిదే మన ప్రేక్షకుడు కదలడని చెప్పి ఇట్టి చిత్రములకు రెండు ఆటలైనను ఇయ్య వెనుకాడు ప్రదర్శకులు ఆ పల్లెల వైపు చూడవలెను: ఒక వృద్ధుని చావును గూర్చిన కథకై అచట పిల్లలు, ముసలివారు కూడ నిద్ర మానుకొనిరి, వారికి కొరవడినది అభిరుచి కాదు, ఊరిలో ఒక తెర.