సంఘపు కంప్యూటరునకు ‘ప్రో’ కూర్పు కొనవలయునా?

సహకార సంఘముల లెక్కలు చిట్టా ఆవర్జాలనుండి కంప్యూటరులోనికి మారుచున్న కాలమిది. దేశమందలి 63,000 ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘములను కంప్యూటరీకరించుటకై 2,516 కోట్ల రూపాయల పథకమును కేంద్ర ప్రభుత్వమువారు 2022 జూన్ 29వ తేదీన ఆమోదించిరి. సభ్యుని వాటాధనము, అప్పు, వడ్డీ, వాయిదా అన్నియు నిపుడొక పెట్టెలోని లెక్కలే. కావున నా పెట్టె మంచిచెడ్డలు కార్యదర్శి యొక్కనికే గాక ప్రతి సభ్యునికిని తెలిసియుండవలెను. దానికి పెట్టు ప్రతి రూపాయయు సభ్యుల సొమ్మే గదా.

కంప్యూటరు నమ్మువారు తరచుగా సంఘములకు చెప్పు మాట యొకటి కలదు: “మీ యంత్రమునందున్నది హోం రకము, ప్రో రకమునకు మార్చుకొనుడు, లేకున్న లెక్కలు భద్రము గావు.” ఈ మాటలో కొంత నిజమును, చాల గందరగోళమును గలవు.

యంత్రమును నడపు మూల ప్రణాళికకు ఆపరేటింగు సిస్టమని పేరు. మన కార్యాలయములలో నధికముగా నున్నది మైక్రోసాఫ్టు కంపెనీవారి విండోస్. దీనికి తరము వేరు, కూర్పు వేరు. 10, 11 అనునవి తరములు. హోం, ప్రో అనునవి యొకే తరములోని కూర్పులు. వరివంగడము మార్చుట యొకటి, అదే వంగడమును చిన్న సంచిలో గొనుటా పెద్ద సంచిలో గొనుటా యనునది వేఱొకటి. అమ్మువాడు రెంటిని కలిపి చెప్పును. మనము విడదీసి వినవలెను.

మొదట తరమును గూర్చి. విండోస్ 10 విడుదలయైనది 2015 జూలై 29న. దానికి ఉచిత రక్షణ సవరణలు 2025 అక్టోబరు 14తో నిలిచిపోయినవి. ఆ పిమ్మట యంత్రము పనిచేయక మానదు గాని, దొంగలు కనుగొను కొత్త కన్నములను పూడ్చువా రుండరు. కొంతకాలము పొడిగింపు గొనవచ్చును. సంస్థల కది మొదటియేట యంత్రమునకు 61 డాలర్లు, ఏటేట రెట్టింపు, మూడేండ్లకు మించి లేదు. విండోస్ 11నకు మారుట యుచితమే, కాని యంత్రము తగినదై యుండవలెను: 4 జీబీ జ్ఞాపకశక్తి, 64 జీబీ నిల్వ, టీపీఎం 2.0 అను భద్రతాచిప్పు, ఆ కంపెనీవారి జాబితాలో నున్న ప్రాసెసరు. ఇంటెల్ వారివైనచో సామాన్యముగా ఎనిమిదవ తరము, అంతకు పైవి. పీసీ హెల్త్ చెక్ అను ఉచిత సాధనము అర్హతను నిమిషములో చెప్పును.

ఈ సవరణల విలువ మన ప్రాంతమున నొకసారి చూచినదే. 2017 మే 12న వాన్నాక్రై అను దుష్టప్రణాళిక నూటయేబదికి పైగా దేశములలో వ్యాపించి, దస్త్రములకు తాళమువేసి 300 డాలర్లు కోరినది. ఆంధ్రప్రదేశ్ పోలీసుశాఖవారి కంప్యూటర్లు కొన్నియు దాని వాతబడినవి. దానిని అడ్డు సవరణను మైక్రోసాఫ్టువారు అంతకు రెండు నెలల ముందే, మార్చి 14న, విడుదల చేసియుండిరి! అప్పుడు యంత్రమును కాపాడినది ప్రో యను పేరు గాదు, వేళకు వేసికొనిన సవరణ.

ఇక కూర్పు సంగతి. హోం, ప్రో కూర్పులు రెంటికిని రక్షణ సవరణ లొక్కటే. ఒకే నాడు వచ్చును. వేగములో భేదము లేదు. ప్రోలో నధికముగా నున్నవి ముఖ్యముగా నివి: పెక్కు యంత్రములను ఒక కేంద్రమునుండి శాసించు ఏర్పాటు, దూరమునుండి ఈ యంత్రములోనికి వచ్చి పనిచేయు రిమోట్ డెస్క్‌టాప్, నిల్వనంతను గూఢలిపిలోనికి మార్చు బిట్‌లాకరు, సవరణలను కొన్నాళ్లు ఆపియుంచు వీలు.

ఇవి యెవరికి గావలెనో తెలియుటకు హైదరాబాదున మాదాపురమువైపు చూచిన జాలును. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన నాటినుండి హైటెక్ సిటీ, గచ్చిబౌలి ప్రాంతములలో వేలకొలది యుద్యోగులు గల కార్యాలయములు వెలసినవి. మైక్రోసాఫ్టువారి యభివృద్ధి కేంద్రము నగరమునకు వచ్చినదియు ఆ సంవత్సరముననే. అట్టిచోట పదివేల యంత్రములకు పదివేలసార్లు తిరిగి అమరికలు చేయుట యసాధ్యము. కేంద్రశాసనము లేక దినము గడువదు. నలువది నాగళ్ల కామందునకు మేస్త్రి కావలెను. ఒంటి నాగలి రైతునకు మేస్త్రి యెందులకు? ఒకటి రెండు కంప్యూటర్లతో, బ్రౌజరు ద్వారా లెక్కల ప్రణాళికను దెఱచి పనిచేయు సంఘమునకు హోం కూర్పుతో సామాన్యముగా లోటు రాదు. హైటెక్ సిటీవారు వాడుచున్నారు గనుక మనమును వాడవలెననుట అలంకారమే.

అయినను ప్రో తగినచోట్లు లేకపోలేదు. సభ్యుల ఆధారు ప్రతులు, పాసుపుస్తకముల నకళ్లు యంత్రములోనే నిల్వయుండి, ఆ యంత్రము ల్యాప్‌టాపై ఊళ్లు తిరుగుచున్నచో, అది పోయిననాడు బిట్‌లాకరు విలువ తెలియును. అయిదారు యంత్రములు, ఎరువుల గోదాము, దుకాణము గల పెద్ద సంఘమునకును ప్రో ఉపయోగమే. కాని కొనుటకు ముందు, అమ్మువానిని “ఇందలి యే సౌకర్యమును మేము వాడుదుము?” అని యడిగి జవాబు వ్రాయించుకొనుడు.

గూఢలిపి విషయమున నొక పెద్ద చిక్కు కలదు, దీనిని కొంచెము నిలిచి చూడవలెను. తాళము పడిన నిల్వను దెఱచుటకు 48 అంకెల సంకేత ముండును. అది పోయినచో లెక్కలు యంత్రములోనే యుండియు దక్కవు. కొత్త విండోస్ 11 యంత్రములు కొన్ని, హోం కూర్పులో సైతము, మైక్రోసాఫ్టు ఖాతాతో ప్రవేశించినంతనే ఇట్లు తమంతట తామే తాళము వేసికొనును. సంకేత మా ఖాతాలో దాగియుండును. ఆ ఖాతా కార్యదర్శి స్వంతపేర నున్నదనుకొనుడు. ఆయన బదిలీయైన పిమ్మట సంఘపు తాళపుచెవి యాయన జేబులోనే వెళ్లినట్లే! కావున సంఘము పేర ప్రత్యేక ఖాతా నేర్పఱచుకొని, ఆ 48 అంకెలను కాగితముపై వ్రాసి ఇనుపపెట్టెలో నుంచి, అధ్యక్షునికి దెలిపి యుండవలెను.

ప్రో కొననెంచినచో, హోం నుండి ప్రోకు మారుటకు క్రొత్త యంత్రము గాని, దస్త్రములను తుడిచివేయుట గాని యక్కఱలేదు. సెట్టింగులలోని యాక్టివేషను పుటలో క్రొత్త లైసెన్సు సంకేతము నిచ్చిన జాలును. వెనుకకు హోంకు వచ్చుటమాత్రము సులువు గాదు. సామాన్యముగా మొదటినుండి వేయవలసివచ్చును. కొన్నివందల రూపాయలకే లైసెన్సు సంకేతములమ్ము వారి జోలికి పోవలదు. బిల్లు లేని లైసెన్సును ఆడిటరు అంగీకరింపడు.

పాత యంత్రము విండోస్ 11నకు అర్హము గానిచో దానిని పారవేయ నక్కఱలేదు. సీడాక్ వారి బాస్ మొదలగు ఉచిత లినక్సు ప్రణాళికలలో తెలుగును గలదు. అయితే వ్రేలిముద్రల పరికరమును, పాసుబుక్కు ప్రింటరును దానితో పనిచేయునో లేదో ముందు చూచుకొనవలెను. చాల సంఘములకు అడ్డంకి యక్కడనే.

ఇప్పటి స్థితి తెలిసికొనుటకు, మీటలపలకపై విండోస్ గుర్తు మీటయు ఆర్ మీటయు గలిపి నొక్కి, విన్‌వర్ అని ఆంగ్లాక్షరములతో వ్రాసి ఎంటరు నొక్కుడు. తరము, కూర్పు రెండును కనబడును. ఆ రెంటిని, ప్రో వలన సంఘమునకు గలుగు నిర్దిష్ట ప్రయోజనమును, వ్యయమును పాలకవర్గ తీర్మానములో వ్రాసినపిమ్మటనే కొనుగోలు జరుపుట క్రమము. మార్పునకు ముందు లెక్కల ప్రతిని వేఱొక డిస్కులోనికి తీసి, మరియొక యంత్రముమీద దెఱచి చూడవలెను. ప్రతి తీసితిమనుటయు, ప్రతి తెఱచుకొనినదనుటయు ఒకటి గాదు. ఖరీఫు అప్పుల రోజులలో ఈ పని పెట్టుకొనక, రద్దీలేని వారమున చేయించుకొనుడు.